తలల లెక్క

మక్తల్ బస్టాండ్ల దిగేసరికి మబ్బుల నాలుగున్నర.
పుణె బస్సు ఎనకాల లేబర్ మూటలు కడుతున్నరు,
సత్తు గిన్నెలు, చీపుర్లు, ఒక మేకపిల్ల.
కండక్టరు మేకకు టికెట్టు అడుగుతున్నడు.
నా భుజాన నల్ల సంచి. జుట్టు కురచ.
ఒక ముసలమ్మ అడిగింది:
"ఏ సైటు మీద చేస్తవు బిడ్డా?"
పైన, అంటిని. చలి ఎక్కువ, అంటిని.

మా నాయిన ఆశప్ప మేస్త్రి.
ముప్పై ఏండ్లు గుంపులు తోలుకపోయిండు
కోయ్నా దిక్కు, సూరత్ దిక్కు, పేరు తెలవని కొండల్లకు.
లారీ కదిలే ముందు వేలు చాపి
ఒక్కొక్క తల మీద గాలిల చుక్క పెడుతుండె.
ఒకటి, రెండు, చంటిపిల్ల అర.
రాత్రి మళ్ల. పొద్దుగాల మళ్ల.
లెక్క తప్పితే అన్నం ముట్టకపోతుండె.
నేను ఆ లారీల పెరిగిన అరను.

అకాడమీల చానా నేర్పిండ్రు:
మ్యాప్ చదువుడు, గాలిని బట్టి గురి దిద్దుడు,
రేడియోల గొంతు వణకకుండ మాట్లాడుడు.
లెక్కపెట్టుడు మాత్రం ఇంటి నుంచే తీస్కపోయిన.

ఆ రాత్రి ఇరవై రెండు మంది.
థర్మల్ తెర మీద మనిషంటే తెల్లటి మచ్చ.
ముఖముండదు, కులముండదు, ఊరుండదు,
వేడి ఉన్నంతసేపు మనిషి.
బండలు పగటి ఎండను ఇంక ఇడువలె,
అవి గూడ అర మనుషుల్లెక్క కనపడ్డయి.
మొదలు దోమ మోత లాంటిది వినపడ్డది.
ఇంత చలిల దోమలేంది, అనుకున్న.
ఆ అనుకునుడుకు ఎన్ని సెకండ్లు పట్టెనో
ఇప్పటికీ కొలుస్తున్న.

తర్వాత మన్ను. నోట్లె, చెవులల్ల, వాచీ అద్దంల.
నేను అరిచిన్నట. యాది లేదు.
తెలుగుల అరిచిన్నని సుబేదార్ సాబ్ చెప్పిండు,
ఒక్కరికీ అర్థం గాకున్నా అందరు నేలకు కరుచుకున్నరట.
యాది ఉన్నదల్లా వేలు.
చేతి తొడుగు లోపల నా వేలు
ఒకటి, రెండు అనుకుంట పోతున్నది.
ఇరవై ఒకటి కాడ ఆగింది.
మళ్ల మొదటి నుంచి. మళ్ల.
తెర మీద ఒక మచ్చ
కొద్దికొద్దిగ బండ రంగులకు మారుతున్నది.

సిపాయి ఎత్వా ఒరాన్. గుమ్లా జిల్లా.
నాకు తెలువకుండ తంబాకు నములుతుండె. నాకు తెలుసు.
నాకంటె ఏడాది చిన్న.
వాళ్ల అమ్మకు ఉత్తరం నేనే రాసిన.
వీరుడు అని రాసిన. ధైర్యం అని రాసిన.
మచ్చ సంగతి రాయలె.
తంబాకు సంగతి రాసి కొట్టేసిన.

ఇంట్ల అమ్మ జొన్నరొట్టె కొడుతున్నది.
ఆ చప్పుడుకు నేను గోడకు కరుచుకున్న.
ఆమె చూసింది. చేతులు ఆగినయి.
తర్వాత పిండిని మెల్లగ, సప్పుడు రాకుండ వత్తింది.
మందంగ అయ్యింది. నడుమ పచ్చి. తిన్న.

నాయిన ఏమీ అడగలె.
రాత్రి అరుగు మీద బీడీ ముట్టించి, నాలుగు గుంజులు గుంజి,
"తాయప్ప" అన్నడు.
"సొరంగం పని. పైకప్పు కూలింది.
ముప్పై ఒకటితోని వాపసొచ్చిన.
వాని సత్తు గిన్నె నేనే తీస్కపోయి ఇచ్చిన.
ఆమె కడిగి బోర్లించింది. ఇంకేం అనలె."

మరి లెక్క ఎప్పుడు సరైంది నాయినా?

"యాడ అయితది.
ఇప్పటికి గూడ వాన్ని గలిపే పెడుత."

సెలవు ఒడిసిన నాడు మళ్ల అదే బస్టాండు.
నాయినకు మోకాళ్లు వంగవు,
మేస్త్రితనం ఇడిచి ఆరేండ్లు.
అయినా బస్సు కిటికీల పొంటి నడుచుకుంట
వేలు లేపిండు.
డ్రైవరు హారన్ కొట్టిండు. ఒకామె నవ్వింది.
నా కిటికీ కాడికి వచ్చేసరికి
వేలు ఆగింది. చుక్క పెట్టలె.
జేబులకెల్లి పల్లీల పొట్లం తీసి ఇచ్చిండు,
మళ్ల మొదటి కిటికీ దిక్కు నడిచిండు.